సాయంత్రం ఐదింటికి వాడికి ఆకలేస్తుంది

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్. బాబుకు పదేళ్లు, పాపకు ఏడేళ్లు. బాబు ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. బడిలో, చుట్టాల ఇళ్లల్లో అందరూ వాణ్ని ‘బొండం’ అంటున్నారు. రెండు నెలల నుంచి రాత్రి అన్నం మానిపించి చపాతీ పెడుతున్నాను. సాయంత్రం తిండి పూర్తిగా ఆపేశాను. మొన్న వాడి స్కూల్ బ్యాగ్ అడుగున ఏడు ఖాళీ చిప్స్ కవర్లు దొరికాయి. బాగా కొట్టాను, తర్వాత నేనే ఏడ్చాను. మా అత్తమ్మేమో పిల్లాడు చిక్కిపోతున్నాడని నాకు తెలియకుండా తినిపిస్తుంది. మా ఆయన ఇంటికొచ్చేటప్పుడు మిర్చీ బజ్జీలో, కూల్‌డ్రింకో తెస్తారు. గ్రౌండుకు పంపితే పది నిమిషాల్లో తిరిగొస్తాడు. పాప సంగతి ఇంకోలా ఉంది. బక్కగా ఉంటుంది, ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద మింగదు. ఇద్దరికీ వేర్వేరుగా డైట్ చార్టు రాసిస్తారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు:

చెల్లీ, ఆ ఏడు కవర్ల దగ్గరే మొదలుపెడతాను. మీకు అవి దొంగతనంలా కనిపించాయి. నాకు మాత్రం ఆకలే కనిపిస్తోంది. లెక్క చూడండి. బడిలో పన్నెండున్నరకు డబ్బా తింటాడు. ఐదింటికి బస్సు దిగుతాడు. మీరు సాయంత్రం ఏమీ పెట్టడం లేదు కాబట్టి మళ్లీ తినేది రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో. ఎదిగే పిల్లవాడు ఎనిమిది గంటలు ఖాళీ కడుపుతో ఎలా ఉంటాడు? చేతిలో పది రూపాయలుంటే మూల మీది దుకాణానికి పోతాడు. అక్కడ పది రూపాయలకు దొరికేది చిప్స్ ప్యాకెట్టే. ఇంట్లో దొరకనిది బయట వెతుక్కున్నాడు, అమ్మ కొడుతుందని కవర్లు దాచాడు. ఈ రోజే వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "కొట్టడం నా తప్పు, రేపటి నుంచి బస్సు దిగగానే ఇంట్లో తిందువు గాని" అని చెప్పండి. కవర్ల మాట మళ్లీ ఎత్తొద్దు.

డైట్ చార్టు రాయను. రాయడం చేతకాక కాదు. పదేళ్ల పిల్లవాడికి చార్టు పెడితే, నీలో ఏదో లోపముంది, నువ్వు మిగతావాళ్లలా తినకూడదు అని రోజూ మూడు పూటలా వాడికి చెప్పినట్టవుతుంది. పక్కనే చెల్లెలు తింటుంటే వీడు చూస్తూ కూర్చోవాలి. ముప్పై ఏళ్లు పాలమూరు, నల్లగొండ పల్లెల్లోని సర్కారు బడుల్లో పీఈటీగా, అంటే ఆటల టీచర్‌గా పనిచేశాను. అలా పెరిగిన పిల్లలను చూశాను.

వాడి బరువు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మీరిచ్చిన కొలతల ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు సరిపోతుందా అని చూసే లెక్క, 22. పెద్దవాళ్లకైతే అది మామూలే, పదేళ్ల పిల్లవాడికి మాత్రం ఎక్కువ. పిల్లలకు వయసును బట్టి వేరే చార్టులుంటాయి. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2015లో సవరించిన ఎదుగుదల చార్టులు పిల్లల డాక్టర్ల దగ్గర ఉంటాయి. కాబట్టి మీరు పట్టించుకోవడం మంచిదే. కానీ పిల్లలకు ఉన్న అదృష్టం ఒకటుంది, వాళ్లు పొడుగవుతారు. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగడం మామూలు. రెండేళ్లలో పది సెంటీమీటర్లు పెరిగి, బరువు అదే 42 దగ్గర ఉన్నాడనుకోండి, బీఎంఐ 19 దగ్గరికి దిగుతుంది. ఒక్క కిలో కూడా తగ్గించకుండానే! రెండు మూడు కిలోలు పెరిగినా ఇప్పటికంటే మెరుగే. మీరు కడుపు మాడ్చాల్సిన పనే లేదు. బరువు పెరిగే వేగం కాస్త నెమ్మదిస్తే చాలు, మిగతా పని ఎత్తు చేసుకుంటుంది. అందుకే ఇంట్లో బరువు మిషన్ ఉంటే అటక మీద పెట్టేయండి. తలుపు వెనక గోడకు పెన్సిల్‌తో గీత గీసి మూడు నెలలకోసారి ఎత్తు కొలవండి. పిల్లలకు అది సంబరం.

బరువు మిషన్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఒక తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలందరినీ వరసలో నిలబెట్టి బరువులు చూసేదాన్ని. నేను పైకి చదువుతుంటే ఒక పిల్ల రిజిస్టర్లో రాసేది. ఏడో తరగతిలో ఒకమ్మాయి అంకె చదివినప్పుడు వెనక నుంచి నవ్వులు వచ్చాయి. నేను "సైలెన్స్" అని తర్వాతి పేరు పిలిచాను. ఆ అమ్మాయి ఆ తర్వాత బరువులు చూసే రోజుల్లో బడికి రావడం మానేసింది. ఇంకొన్నాళ్లకు ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చునేది. ఎందుకో నాకు అర్థమయ్యేసరికి ఆ పిల్ల పదో తరగతి అయిపోయి వెళ్లిపోయింది. తర్వాత ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, అంకె ఎవరికీ వినపడకుండా రాసుకున్నాను. కానీ ఆ ఒక్క పిల్లను మాత్రం నేను గ్రౌండు నుంచి శాశ్వతంగా దూరం చేశాను. మీ ఇంటికొచ్చే చుట్టాలకు మీరే చెప్పండి, "మా బాబుకు పేరుంది, పేరుతో పిలవండి" అని. మామగారి తమ్ముడైనా సరే, మేనత్త అయినా సరే. వాడు వింటుండగా చెప్పండి. అమ్మ నా పక్షాన ఉందని వాడికి తెలియాలి.

ఇక ఆ సాయంత్రం ఐదింటి సంగతి. మీ ఇంట్లో మార్చాల్సింది ఒక్కటే చెప్పమంటే ఆ గంటనే చెప్తాను. బస్సు దిగి ఇంట్లోకి రాగానే గిన్నె సిద్ధంగా ఉండాలి. అడగకముందే ఉండాలి. ఏం పెట్టాలో మీ అత్తమ్మను అడగండి, నాకంటే బాగా చెప్తుంది. మన దగ్గర గుడాలకు కొదవ లేదు. శనగలు, బబ్బెర్లు, పెసర్లు ఏవైనా పొద్దున నానబెట్టి సాయంత్రం ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెడితే పది నిమిషాల పని. నిమ్మకాయ పిండితే అందులో ఉన్న ఐరన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మక్క కంకుల కాలంలో కంకి. పాలమూరులో పల్లీలకేం తక్కువ? ఉడకబెట్టినవి ఒక గుప్పెడు, లేదంటే చిన్న పల్లి పట్టి. ఒకరోజు ఉడికిన గుడ్డు. దసరా రోజుల్లో సీతాఫలాలు వస్తాయి. దేశమంతా నాటుకునే ‘బాలానగర్’ రకానికి పేరు వచ్చింది మీ పక్కనున్న బాలానగర్ నుంచే, ఆ సంగతి వాడికి చెప్పి తినిపించండి. చలికాలం రేగుపండ్లు, జామకాయలు, ఎండాకాలం ముంజలు. కడుపు నిండా పెట్టండి. ఐదింటికి గుడాలు తిన్న పిల్లవాడు రాత్రి తిండి మీద పడి తినడు, దుకాణం వైపూ చూడడు. వారం పది రోజుల్లోనే మీకు తేడా కనిపిస్తుంది.

చిప్స్ నిషేధం అని ప్రకటించకండి. నిషేధించిన వస్తువుకు రుచి పెరుగుతుంది. ఇంట్లోకి కొనుక్కు రాకండి, అంతే. పుట్టినరోజుకో జాతరకో తింటే తిననివ్వండి, ముఖం చిట్లించకండి.

కూల్‌డ్రింకు విషయంలో మాత్రం గట్టిగా ఉండమంటాను. 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 26 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, ఆరు చెంచాల పైమాటే. పిల్లలు రోజంతటిలో తీసుకునే అదనపు చక్కెరే 25 గ్రాములు దాటకపోతే మంచిది. కడుపు నిండదు కాబట్టి అన్నం తగ్గించి తాగేదీ ఉండదు, ఉన్న తిండి మీద అదనంగా చేరుతుంది. టెట్రా ప్యాకుల్లో వచ్చే పండ్ల డ్రింకులూ అంతే. పాలల్లో కలిపే చాక్లెట్ పొడులను చాలామంది తల్లులు బలం కోసం కొంటారు. వాటిని ‘హెల్త్ డ్రింకులు’ అనే పేరు కింద అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్ సైట్లకు చెప్పింది. డబ్బా వెనక చక్కెర ఎన్ని గ్రాములో చదవండి, తర్వాత మీరే నిర్ణయించుకోండి. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, ఉత్త పాలు, మంచినీళ్లు, ఇవి చాలు.

మీవారితో ఎలా మాట్లాడాలో మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం చెప్పండి. రోజంతా పనిచేసి వచ్చే నాన్న పిల్లల కోసం చేతిలో ఏదో ఒకటి తేవాలనుకుంటాడు, అది ప్రేమ. ఆ ప్రేమను ఆపొద్దు, వస్తువును మార్చమనండి. బజ్జీల బదులు రెండు జామకాయలో, బత్తాయిలో తేవచ్చు. వారంలో రెండు రోజులు ఏమీ తేకుండా వచ్చి, షర్ట్ విప్పకముందే పిల్లలతో అరగంట బయటికి వెళ్తే ఇంకా మంచిది. పిల్లలు ఎదురుచూసేది సంచి కోసమని మనం అనుకుంటాం. చాలాసార్లు మనిషి కోసం ఎదురుచూస్తారు.

అత్తమ్మ మీద కోపం పెట్టుకోకండి. ఆమె ఏ పాలమూరులో పెరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. వానలు మొహం చాటేసి, చేలు బీళ్లుబడి, ఊళ్లకు ఊళ్లు మూటాముల్లె కట్టుకుని డ్యాముల పనులకు, బిల్డింగుల పనులకు వలసపోయిన జిల్లా ఇది. ‘పాలమూరు లేబర్’ అనే మాట దేశమంతా తెలుసు. ఖాళీ గింజల కుండను చూసిన తరానికి బొద్దుగా ఉన్న పిల్లవాడంటే ఆపద తప్పిన పిల్లవాడు. ఆమె చేతిని ఆపితే ఆమెకు గుండె కోతే. "అత్తమ్మా, పొద్దున సంగతి నేను చూసుకుంటాను, సాయంత్రం ఐదింటి గిన్నె నీదే" అని పని ఆమెకు అప్పజెప్పండి. జొన్న రొట్టె కొట్టడం పిల్లలకు నేర్పించమనండి. పండక్కి మలీద ముద్దలు చేయమనండి, నువ్వుల ముద్దలు చేయమనండి. చాటుగా పెట్టాల్సిన అవసరం పోతే చాటు తిండీ పోతుంది.

రాత్రి అన్నం మానిపించి చపాతీ పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బియ్యానికీ గోధుమపిండికీ శక్తిలో పెద్ద తేడా లేదు. మూడు చపాతీలు తింటే రెండు గరిటెల అన్నం తిన్నట్టే. పళ్లెంలో కూర, పప్పు ఎంత ఉన్నాయన్నది ముఖ్యం. మనవాళ్ల పళ్లెంలో గుట్టలా అన్నం, అంచున నిమ్మకాయంత కూర ఉంటుంది. దాన్ని తిరగేయడానికి ప్రయత్నించండి. ముందు కూర, పప్పు వడ్డించి, తర్వాత అన్నం పెట్టండి. గంగవాయిలి కూర పప్పు, పుంటికూర, తోటకూర, చింతచిగురు కాలంలో చింతచిగురు పప్పు, వీటికి మించినవి నాకు తెలియవు. వారంలో మూడు నాలుగు రాత్రులు జొన్న రొట్టె పెడితే బాగుంటుంది. జొన్నల్లో వంద గ్రాములకు పది గ్రాముల దాకా పీచు ఉంటుంది, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. రొట్టెను నమలాలి కాబట్టి నెమ్మదిగా తింటారు, కడుపు నిండిన సంగతి తెలుస్తుంది. రొట్టె మీద చెంచా నెయ్యి వేస్తే వేయండి. ఇంటిల్లిపాదికీ అదే వంట, అదే పళ్లెం. బాబుకు వేరు, పాపకు వేరు వద్దు.

పాప విషయం. ఫోన్ ఆపేయండి. ఒకేసారి, ఇంట్లో అందరికీ. తినేటప్పుడు మీ ఫోన్, మీవారి ఫోన్, టీవీ అన్నీ బంద్. మొదటి మూడు నాలుగు రోజులు సరిగా తినదు, ఏడుస్తుంది. భయపడకండి. బొమ్మలు చూస్తూ తినే పిల్లకు నోట్లోకి ఏం పోతుందో తెలియదు, ఆకలి తీరిందో లేదో కూడా తెలియదు. ఏం వండాలి, ఎన్ని గంటలకు పెట్టాలి అన్నది మీ పని. ఎంత తినాలన్నది పిల్ల పని. ఈ హద్దు మీరు దాటకపోతే నెలలోపే గొడవలు తగ్గుతాయి. రెండు చెంచాలే వడ్డించండి, మళ్లీ అడిగితే వేయండి. కొత్త కూర తినకపోతే తిట్టొద్దు, బతిమాలొద్దు. వారం తర్వాత మళ్లీ ఒక ముక్క పెట్టండి. కొందరు పిల్లలు పది పదిహేనుసార్లు చూశాకే ఒక కూరను నోట్లో పెట్టుకుంటారు. మనం మూడోసారికే "మా పిల్లకు బెండకాయ పడదు" అని తీర్పు చెప్పేస్తాం. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అని మాత్రం అనకండి. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పించినట్టవుతుంది. చిక్కుళ్లు తుంపడం, పుదీనా ఆకులు గిల్లడం, పల్లీలు ఒలవడం లాంటి పనులు ఇద్దరికీ ఇవ్వండి. తన చేత్తో తుంపిన చిక్కుడును పిల్ల రుచి చూడకుండా ఉండదు. అన్నంతోపాటు, తిన్న వెంటనే టీ ఇచ్చే అలవాటుంటే ఆపండి, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. కంటి కింది రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉన్నా, బలపాలు, మట్టి తింటున్నా రక్త పరీక్ష చేయించండి. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఇద్దరికీ వేయించండి.

ఇక ఆట. ఈ విషయంలో నాకు మాట ఆగదు.

గ్రౌండుకు పంపితే పది నిమిషాల్లో తిరిగొస్తాడని రాశారు. ఎందుకో నాకు తెలుసు. పట్టుకునే ఆటల్లో నెమ్మదిగా పరిగెత్తే పిల్లవాడు మొదట ఔటవుతాడు. ఔటైనవాడు గట్టు మీద కూర్చోవాలి. అందరికంటే ఎక్కువ పరుగు కావలసిన పిల్లవాడే అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటాడు! క్రికెట్‌లో అయితే బంతులు ఏరడానికి పంపుతారు, బ్యాటింగ్ వచ్చేసరికి చీకటి పడుతుంది. వాడికి బద్ధకం లేదు, చెల్లీ. అవమానం భరించలేక ఇంటికొస్తున్నాడు.

నా గ్రౌండులో తర్వాత తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఔటైనవాళ్లు కూర్చోకూడదు, అవతలి జట్టులో చేరాలి, లేదా గ్రౌండు చుట్టూ ఒక రౌండు కొట్టి మళ్లీ ఆటలోకి రావాలి. అదొక్కటి మార్చినందుకే ఆటల పీరియడ్ రూపం మారిపోయింది. మీ వీధిలో పిల్లలకు ఈ నియమం చెప్పి చూడండి. బొద్దుగా ఉన్న పిల్లలకు పనికొచ్చే ఆటలు కూడా ఉన్నాయి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని నడుం పట్టి ఆపాలంటే బరువు కావాలి. తాడు గుంజే ఆటలో వెనక గట్టిగా నిలబడేవాడు కావాలి. ఈత నేర్పించే చోటు దగ్గర్లో ఉంటే అంతకంటే మంచిది లేదు, నీళ్లలో మోకాళ్ల మీద బరువు పడదు. వాడు ఏదో ఒక ఆటలో మొనగాడు కావాలి, అప్పుడు మిగతా ఆటలకు వాడే వస్తాడు.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. గుండె కాస్త వేగంగా కొట్టుకోవాలి, ఊపిరి ఎగపోయాలి. ఒకేసారి గంట అక్కర్లేదు. పొద్దున తాడాట పది నిమిషాలు, బడిలో ఇరవై, సాయంత్రం అరగంట, అదే గంట. ఐదింటికి గుడాలు తిని, ఐదున్నరకు బయటపడి, దీపాలు పెట్టేవేళకు ఇంటికి రావాలి. హోంవర్క్ ఆ తర్వాతే. బడి నుంచి రాగానే ట్యూషన్‌కు పంపే తల్లులు ఇది చదువుతుంటే వాళ్లకూ ఇదే చెప్తున్నాను, ఆ గంట పిల్లలది, లాక్కోకండి. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం పొద్దున ఎనిమిదిలోపే ఆడించండి. ఆదివారం నలుగురూ కలిసి పెద్దచెరువు కట్ట మీద నడవండి. పిల్లలమర్రికి తీసుకెళ్లి ఆ పెద్ద మర్రిచెట్టును చూపించండి. ఖాళీ చోటు చూసుకుని దాగుడుమూతలు ఆడండి. మీరూ ఆడండి. చీర కొంగు నడుముకు చుట్టి పరిగెత్తే అమ్మను పిల్లలు జన్మలో మరిచిపోరు. ఆడపిల్ల కదా అని పాపను ఇంట్లో ఉంచొద్దు, దానికీ అదే గంట కావాలి. ఆడితేనే ఆకలి, ఆకలైతేనే ముద్ద.

నిద్ర గురించి ఒక్క మాట. ఈ వయసు పిల్లలకు తొమ్మిది గంటలు తక్కువ కాకుండా నిద్ర కావాలి. పొద్దున ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, అంటే ఎనిమిదిలోపు తినేయాలి.

బాబును ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా చారలున్నాయేమో చూడండి. చాలామంది తల్లులు అది మురికి అనుకుని సున్నిపిండితో రుద్దుతారు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. రాత్రి గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతున్నా, దాహం, మూత్రం ఎక్కువైనా, మోకాళ్ల నొప్పులంటున్నా, బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోయినా ఆలస్యం చేయొద్దు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. వెళ్లే ముందు డాక్టర్‌తో ఒక మాట అనుకోండి, బరువు గురించి మాట్లాడేటప్పుడు బాబును బయట కూర్చోబెడతామని.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, వారానికే అలిసిపోతారు. ఈ నెల ఐదింటి గిన్నె, ఆ తర్వాతి గంట ఆట, ఈ రెండే చూసుకోండి. వచ్చే నెల ఫోన్ సంగతి, ఆపైన మిగతావి. తలుపు వెనక ఇవాళ్టి తేదీ వేసి రెండు గీతలు గీయండి, ఒకటి బాబుది, ఒకటి పాపది. మూడు నెలల తర్వాత ఎవరు ఎంత పొడుగయ్యారో నాకు రాయండి. బాబు ఏ ఆట ఆడుతున్నాడో కూడా రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.